తిరగేసి నేర్పిన సారు

సారు పోయారన్న కబురు నాకు ఎవరూ చెప్పలేదు. నేనే చదివాను. హాస్టల్ పిల్లల టిఫిన్లు అయ్యాక ఫోన్ తెరిస్తే మా క్లాసు గ్రూపులో సారు భార్య, మా మేడం, పెట్టిన రెండు వరుసలు కనిపించాయి. సారు తెల్లవారుజామున వెళ్లిపోయారని మొదటి వరుస. నిద్రలోనే అని రెండోది. ఆ రెండో వరుస చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. అక్షరాలు రాక కాదు.

కింద అందరూ దండం పెట్టే చేతులు పెట్టారు. నాతో పాటు సారు దగ్గర చదువుకున్న ఇస్త్రీ అక్క మాత్రం కంగారులో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, అది తీసెయ్యడం తెలియక నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఏడుస్తూనే అంది: "సారుంటె ఇది చూసి మస్తు నవ్వుతుండె గదనే."

నిజమే. ఎవరైనా పొరపాటు చేస్తే మా సారు ముఖం వెలిగిపోయేది. ఎందుకు జరిగిందో కనుక్కోవాలని అంత ఆత్రం. తన పొరపాటైతే ఇంకా ఎక్కువ వెలిగేది. ఆయన చేసిన పొరపాట్లలో పెద్దది నా మీదే చేశారు కాబట్టి, ఆయన గురించి రాయాల్సింది నేనేనని ఇస్త్రీ అక్క అంటుంది.

కరోనాకు అన్నీ మూసేసిన ఆ ఏడు, అశోక్‌నగర్‌లో నేను పనిచేసే లేడీస్ హాస్టల్ ఖాళీ అయింది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే ఆడపిల్లలంతా మూటలు కట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. వంటమనిషినైన నేను బిల్డింగుకు కాపలాగా మిగిలాను. ఒక సాయంత్రం మాస్కు కట్టుకున్న పొడుగాటి పెద్దాయన గేటు బయట నిలబడి అడిగారు:

"అమ్మా, ఇక్కడ చదువుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు సారు. అందరు పోయిండ్రు."

"మీరున్నరు గద."

"నేను వంట చేస్త సారు."

"వంట చేసేటోళ్లు చదువుకోవద్దని ఎక్కడన్న రాసున్నదా?"

"రాసున్నా నాకు చదవొస్తదా సారు" అన్నాను.

ఆయన నవ్వారని మాస్కు పైనున్న కళ్లను బట్టి తెలిసింది. నారాయణగూడలోని ఒక జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారట. చిక్కడపల్లి సందులో ఇల్లు. పాఠం చెప్పకుండా ఉండలేక ఇంట్లో మేడానికి రోజూ కాంతి గురించి, వేడి గురించి చెబుతుంటే, ఆమె విసిగిపోయి, "ఎవరికన్న ఫోన్ల చెప్పుకోపోండ్రి, నన్నిడిసి పెట్టుండ్రి" అని బయటకు తోలిందట. ఇవన్నీ గేటు దగ్గరే చెప్పేశారు. అంతసేపూ నన్ను మీరు, మీరు అనే అన్నారు. నలభై ఏడేళ్ల వయసులో నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆయన.

నాకు చదువు ఎందుకు కావాలో కూడా ఆ రోజే చెప్పాను. మా హాస్టల్‌కు ఏడాదికో వార్డెన్ వచ్చేది. గ్యాసు ఎన్ని రోజులు వస్తుంది, ఏ పిల్ల రాత్రి తినకుండా పడుకుంటుంది, నీళ్ల ట్యాంకరు వాడితో ఎట్ల మాట్లాడాలి, అన్నీ నేనే నేర్పేదాన్ని. నేర్చుకుని కుర్చీలో కూర్చునేది ఆమె. ఒకసారి ఉండబట్టలేక యజమానిని అడిగాను, ఆ కుర్చీ నాకే ఇవ్వొచ్చు కదా అని. "పది పాసై రా, ఇస్త" అన్నాడు. నేను పాసవలేనన్న ధీమాతోనే అన్నాడు. నేను మాత్రం ఆ మాటను దాచుకున్నాను.

"పది పాసవుడు పెద్ద పని కాదు. ముందు అ ఆలు" అన్నారు సారు.

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు వీడియో కాల్‌లో మా ఫోన్ల బడి మొదలైంది. నేను, బాగ్‌లింగంపల్లిలో ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క, ఇంకో నలుగురు, అందరం సారు కూడగట్టినవాళ్లమే. సారు ఫోన్‌ను బట్టలారేసే క్లిప్పుతో స్టీలు డబ్బాల దొంతరకు బిగించి, దాని ముందు నిలబడి చెప్పేవారు. కూర్చుని చెబితే పాఠం కూడా కూర్చుంటుందనేవారు. ఇస్త్రీ చేసిన చొక్కా, బెల్టు, పాలిష్ పెట్టిన బూట్లు. ఒకరోజు డబ్బాలు జారి ఫోన్ కింద పడ్డప్పుడు ఆ బూట్లు మాకు కనిపించాయి.

"మీ బూట్లు మాకు కానొస్తలేవు గద సారు, ఎవరి కోసం ఏస్కున్నరు?" అంది ఇస్త్రీ అక్క.

"నాకు కానొస్తున్నయి" అన్నారు.

వినిపిస్తోందా అని ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదు. అట్ల అడిగితే వినిపించని వాళ్లు కూడా వినిపిస్తోందనే అంటారని ఆయన నమ్మకం. దానికి బదులు "ఇయ్యాల కూరేంది?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. బెండకాయ అన్నవాళ్లకు వినిపించినట్టు. మధ్యలో వాళ్లింట్లో కుక్కరు కూత పెడితే పాఠం ఆపి, ఎన్నోదో మాతో లెక్కపెట్టించేవారు. అంకెలు మాకు అట్లనే వచ్చాయి. ఒకసారి అందరం నాలుగు అని అరిస్తే వెనక నుంచి మేడం గొంతు: "మూడే. మీ సారుకు మూడే యాదుంటలేదు, మీకేం నేర్పుతడు."

పలక మీద ఒక్కో అక్షరం పెద్దగా రాసి ఫోన్‌కు దగ్గరగా పెట్టేవారు. మేం నోటుబుక్కులో దించుకుని తిరిగి ఫోన్‌కు చూపించేవాళ్లం. ఆయన తెరలోకి వంగి చూసి, "భేష్" అనేవారు. చిన్నప్పుడు ఒకటో తరగతి మొహం చూసిన ఇస్త్రీ అక్కకు మాత్రం ఒక అనుమానం ఉండేది. "సారు, నాకు క ఇంకో తీరుగ యాదికున్నది" అంది. "యాదికున్నది పక్కకు పెట్టుండ్రి. ఇగ కొత్తగ మొదలు" అన్నారు సారు. ఆమె నోరు మూసుకుంది.

మూడు వారాలకు నాకు అక్షరాలన్నీ వచ్చేశాయి. చూడకుండా రాసేదాన్ని. అప్పుడే రోడ్ల మీద తిరగనివ్వడం మొదలైంది. కొత్త చీర కట్టుకుని నారాయణగూడ చౌరస్తా దాకా నడిచాను, బోర్డులు చదవడానికి. మందుల దుకాణం, టిఫిన్ సెంటరు, కోచింగు సెంటర్లు, ఎటు చూసినా బోర్డులే. ఒక్కటీ రాలేదు. సున్న తెలిసింది. మిగిలినవన్నీ ఎక్కడో చూసిన ముఖాల్లా ఉండి, నన్ను చూసి వీపు తిప్పుకున్నట్టు ఉన్నాయి. దుకాణాల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒకాయన వచ్చి, "ఏం కావాలమ్మా?" అంటే ఏం లేదని వచ్చేశాను.

మిగతా ఐదుగురికీ వస్తున్నట్టే ఉంది. లోపం నా తలలోనే అనుకున్నాను. ఇస్త్రీ అక్కకు కూడా చెప్పుకోలేదు. కుర్చీ సంగతి మర్చిపోవాలని గట్టిగా అనుకుని, నాలుగు గంటలకు ఫోన్ మోగితే ఎత్తడం మానేశాను. నాలుగు రోజులు మోగింది.

ఐదో రోజు సారు మళ్లీ గేటు దగ్గరికి వచ్చారు.

"పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న సారు. నాకు చదువు రాదు. ఊకె మీ టైము ఖరాబ్ జేస్తున్న" అని నోటుబుక్కు తెచ్చి గేటు సందులోంచి ఇచ్చేశాను. "బోర్డులన్నీ చూసొచ్చిన. ఒక్కటి వస్తలేదు. నా తలకాయే గట్లున్నది."

ఆయన మొహమాటానికన్నట్టు పుస్తకం తెరిచారు. నా రాతను ఫోన్‌లో కాకుండా చేతిలో పట్టుకుని చూడటం ఆయనకు అదే మొదలు. ఒక పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత అడగకుండానే గేటు తీసుకుని లోపలికి వచ్చి, వరండాలో పిల్లలు చేతులు కడుక్కునే బేసిన్ మీదున్న అద్దానికి నా పుస్తకం ఎదురుగా పట్టారు. అట్లనే మెట్ల మీద కూలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నీళ్లు తెచ్చాను. నవ్వుతున్నారు.

"అమ్మా, తప్పు మీది కాదు. నాది. మీకు అక్షరాలన్ని తిరగేసి నేర్పిన."

నన్ను ఊరడించడానికి అంటున్నారనుకున్నాను. అది ఆయనకు తెలిసిపోయింది. "ఇంట్ల పేపరున్నదా?" అన్నారు. షెల్ఫుల్లో పరిచిన పాత పేపరు ఒకటి తెచ్చాను. దాన్ని అద్దానికి చూపిస్తూ, పెద్దక్షరాల మీద వేలు పెట్టి, "పేపరు చూడకుండ్రి. అద్దంల చూసి చెప్పుండ్రి. ఈ కొస నుంచి" అన్నారు.

చూశాను. అన్నీ నాకు తెలిసిన ముఖాలే.

"న" అన్నాను. "గ. ర. సున్న."

"కలిపి?"

"నగరం."

నేను పుట్టి బుద్ధెరిగాక చదివిన మొదటి మాట అది. చేతులు కడుక్కునే అద్దంలో, కుడి నుంచి ఎడమకు. "మీ తలకాయకు ఏం గాలేదు. ఇంత తప్పుడు పాఠం ఇంత సక్కగ నేర్చుకున్నోళ్లను నేను ముప్పై ఏండ్లల్ల చూడలే" అన్నారు సారు.

జరిగింది ఇదీ. ఫోన్‌లో మన బొమ్మ మనకు అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది. అవతలి వాళ్లకు సరిగ్గానే కనిపిస్తుంది. సారుకు ఆ రెండో సంగతి తెలియదు. తొలిరోజు పలక పట్టగానే తన తెర మీద అక్షరం తిరగబడి ఉండటం చూసి, మాకూ అట్లనే కనిపిస్తోందనుకున్నారు. మా కష్టం తీర్చాలని, పాపం, కూర్చుని అన్ని అక్షరాలనూ తిరగేసి రాయడం సాధన చేశారు. అవి ఆయన తెర మీద ముత్యాల్లా కనిపించాయి. మాకు తిరగబడి చేరాయి. మేం రాసి చూపించినవి ఆయనకు తిరగబడి కనిపిస్తే, ఫోన్ తిరగేస్తోంది కాబట్టి కాగితం మీద సరిగ్గానే ఉండి ఉంటాయని భేష్ అన్నారు.

అంతా నా ఒక్కదానికే చెప్పి, మిగతావాళ్లకు నెమ్మదిగా సర్దేసి ఉండొచ్చు. కానీ ఆ సాయంత్రం ఆయన ఫోన్ ముందు బూట్లతో సహా నిలబడి అందరికీ చెప్పేశారు. మొదట మాట్లాడింది ఇస్త్రీ అక్క.

"అందుకే నేనన్న సారు, మా క గట్ల లేకుండె అని. మీరే నా నోరు మూపిచ్చిండ్రు."

"అవునమ్మా. ఇగ మీద నేను తప్పు జెప్తె నా నోరు మూపియ్యుండ్రి."

వెనక నుంచి మేడం: "కాలేజీల అద్దాల పాఠం ఎవరు జెప్పిండ్రో అడుగుండ్రి మీ సారును. ఎడమ కుడైతది, కుడి ఎడమైతదని నాకు అన్నం తినేకాడ గూడ జెప్పిండు."

సారు సిగ్గుపడటం మేం చూసింది ఆ ఒక్కసారే.

నేర్చుకోవడం కంటే మరచిపోవడం కష్టమైంది. ఇక సారు ఫోన్ పక్కన పెట్టేస్తారేమో అనుకున్నాం. పెట్టలేదు. వారమంతా ఫోన్‌లోనే చెప్పేవారు. ఆదివారం మాత్రం తన బిల్డింగు కింద కార్లు పెట్టే జాగాలో దూరం దూరంగా కుర్చీలు వేయించి మమ్మల్ని పిలిచారు. "ఫోన్ల మీరు రాసింది కానొస్తది. రాసే చెయ్యి కానొస్తలేదు" అనేవారు. ఆదివారాల్లో ఆయన చూసేది చేతులనే. వెనక నిలబడి, కలం ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది, అవే చూసేవారు. ఇస్త్రీ అక్క కలాన్ని ఇస్త్రీ పెట్టెలా నొక్కుతుందని, అందుకే ఆమె కాగితాలు చిరుగుతున్నాయని అప్పుడే తెలిసింది. నేను అక్షరం మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఊపిరి బిగబడుతున్నానట. "ఊపిరి తీస్కోండ్రి. అక్షరం ఎక్కడికి పోదు" అనేవారు.

అట్లని ఎదురుగా చెప్పేదే చదువని, ఫోన్‌ది ఉత్తదని ఆయన ఏనాడూ అనలేదు. హాస్టల్ పిల్లలు తిరిగి వచ్చి నాకు పని పెరిగాక, పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి పంపేవారు. ఫోన్‌ను ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెడితే గొంతు పెద్దగా వస్తుంది. ఉల్లిగడ్డలు తరుగుతూ ఒకే పాఠాన్ని పదిసార్లు వినేదాన్ని. పదిసార్లు చెప్పమని మనిషిని ఎట్ల అడుగుతాం? ఇస్త్రీ అక్క కూతురి కాన్పుకని మూడు నెలలు ఊళ్లో ఉన్నప్పుడు, ఆదివారం ఆమె కుర్చీ మీద ఆమె ఫోన్ కాల్‌ను నిలబెట్టేవాళ్లం. ఎవరో తెలియక ఆ కుర్చీలో సంచీ పెడితే, "అక్కడ మనిషున్నది" అని సారు సంచీ తీయించారు. కుర్చీలోంచి అక్క గొంతు: "నేను జరిగి కూసుంట తియ్యి సారు."

తర్వాత ఓపెన్ స్కూల్లో పదికి కట్టాను. ఆ దరఖాస్తు సారు నింపలేదు. నేను మూడు పాడు చేసి నాలుగోది నింపాను. అన్నీ గట్టెక్కాయి, లెక్కల్లో మాత్రం తప్పాను. ఆ ఆదివారం సారు మా వంటింటికి వచ్చి, డబ్బాల మధ్య నిలబడ్డారు.

"ఎనభై మందికి పప్పు ఎంతేస్తరు?"

"ఎనిమిది కిలోలు."

"ముప్పై మంది ఊరికి పోయిండ్రు."

"ఐదు జాలు."

"గదే లెక్క. పరీక్షల ఎందుకు రాయలే?"

"పరీక్షల పప్పు లేదు సారు. రైళ్లు అడిగిండ్రు."

"రైలు తీసి పప్పు పెట్టుండ్రి. ఎవరొద్దన్నరు?" అన్నారు.

రెండోసారి రైళ్లన్నిటినీ పప్పు చేసి రాశాను. పాసయ్యాను. మార్కుల మెమో తీసుకెళ్లి యజమాని ముందు పెడితే అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. తల గోక్కుని, "అన్నమాట అన్నదే గద" అని, వంటకు ఇంకో మనిషిని వెతకడం మొదలుపెట్టాడు.

నేను కుర్చీలో కూర్చున్న మొదటి ఆదివారం. ఆదివారం పిల్లల్ని చూడటానికి తండ్రులు వస్తారు. పచ్చడి సీసాలు, జొన్నరొట్టెల మూటలు పట్టుకుని బల్ల ముందు వరుసలో నిలబడ్డారు. రిజిస్టరులో పేరు, ఊరు, ఎవరిని చూడాలి, సంబంధం, నాలుగూ వాళ్లే రాయాలి. రాసినవాళ్లు బెంచీ మీద కూర్చుంటే, వరుస ప్రకారం నేను పేరు పెట్టి పిలవాలి. తల వంచుకుని రిజిస్టరు తిప్పుతున్నాను. బల్ల అవతల పాలిష్ పెట్టిన బూట్లు ఆగాయి. నేను లేవబోయాను.

"కూసోండ్రి. వార్డెన్ లేస్తె లైనంత ఆగిపోతది" అన్నారు సారు.

కలం తీసుకుని పేరు రాశారు. ఊరు చిక్కడపల్లి. ఎవరిని చూడాలి అన్నచోట వార్డెన్ గారిని అని రాశారు. సంబంధం దగ్గర ఆగి కలం నాకిచ్చారు.

"ఇది మీరు రాయుండ్రి."

"వచ్చినోళ్లే రాయాలె సారు. రూలు."

"తెలుసు. నేనేం రాసినా గొప్పకు రాసుకున్నట్టుంటది."

నేను ఊపిరి తీసుకున్నాను. మా సారు, అని రాశాను. రాసినంతసేపూ ఆయన నా చెయ్యినే చూశారు. లోపల కుర్చీ వేయిస్తానంటే వద్దన్నారు. "వీళ్లంత నాకంటె ముందొచ్చిండ్రు" అని వెళ్లి, ఇద్దరు తండ్రుల మధ్య ఇరుక్కుని బెంచీ మీద కూర్చున్నారు.

నేను రిజిస్టరు చూసి ఒక్కో పేరూ చదువుతూ వచ్చాను. ఆయనది నాలుగోది. సారు పేరు నా నోటితో నేను ఎన్నడూ పలికి ఎరగను. వేలు దాని కింద పెట్టి, అందరికీ వినిపించేటట్టు చదివాను.

ఆయన బెంచీ మీంచి లేచి నిలబడి, చెయ్యెత్తారు.